విప్పుడు మేస్త్రి బిగించిన ఇంజన్

రెంచి ‘టిక్’ మంది.

ఆరో బోల్టు. బిగువు సరిపోయిందని చెప్పే ఆ చప్పుడు వినగానే ఆయన బిగబట్టిన ఊపిరి వదిలి, బోల్టు తలమీద సుద్దముక్కతో చిన్న గీత గీశాడు. ఇంకా నాలుగున్నాయి. మధ్యలో మొదలుపెట్టి అంచులకు పోవాలి. ఒక్కోదాన్ని మూడు విడతలుగా బిగించాలి. ఇది మూడో విడత. తొందరపడి ఒక మూల ముందే లాగేస్తే ఇంజన్ మీద మూతలా కూర్చునే హెడ్డు వంకర తిరిగి నెల రోజుల కష్టం నీళ్ళపాలవుతుంది.

ఆయనకు మాత్రం చెప్పలేనంత తొందరగా ఉంది. టైము ఉదయం ఏడున్నర. సాయంత్రం ఐదింటికి లారీ వస్తుంది.

“ఏమండీ! పళ్ళెం పెట్టి అరగంటైంది. మీరొచ్చి తింటారా, లేక తెచ్చి ఆ ఇంజన్ నోట్లో పెట్టమంటారా?” వంటింట్లోంచి భార్య కేక.

“దానికి ఆకలి సాయంత్రం వేస్తుంది. అప్పటిదాకా ఆగు.”

“దాని సంగతి కాదు, మీ సంగతి అడుగుతున్నా.”

“నాలుగు బోల్టులే.”

“నిన్న రాత్రీ నాలుగే అన్నారు. ఆ నాలుగు పిల్లల్ని పెట్టాయేమో!”

ఆయన నవ్వుకుని రెంచి మళ్ళీ తగిలించాడు. లాగాడు. టిక్. ఏడు.

వెనక వరండాలో, రేకుల నీడన, ఇనుప చట్రం మీద కూర్చుని ఉంది ఆ ఇంజన్. నాలుగు సిలిండర్ల చిన్న కారు ఇంజన్. నెల కిందట అది ఈ ఇంటికి వచ్చినప్పుడు తుప్పూ మడ్డీ కలిసిన ముద్ద. విప్పడానికి ఆయనకు సరిగ్గా రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ఆ తరువాత ఇల్లంతా ఇంజనే. పిస్టన్లు దిండుగలీబుల్లో చుట్టుకుని మంచం కింద పడుకున్నాయి. వాల్వులు, అట్టపెట్టెకు పొడిచిన ఎనిమిది కన్నాల్లో బుద్ధిగా నిలబడి వంటింటి అలమారలో పప్పు డబ్బాల పక్కన చేరాయి. పొడుగాటి క్రాంకు ఇరుసును పడుకోబెడితే వంగుతుందని దాన్ని పడగ్గది తలుపు వెనక నిలబెట్టాడు. తెల్లవారుజామున లేచిన భార్య దాన్ని చూసి దొంగ అనుకుని చీపురు తిరగేసింది. ఆ దెబ్బకు చీపురు విరిగింది. క్రాంకుకు ఏమీ కాలేదు. అయినా ఆయన మైక్రోమీటరు తెచ్చి, దాన్ని ఐదు చోట్ల కొలిచాకే నిద్రపోయాడు.

“నన్ను ఎప్పుడైనా అట్లా చూశారా, దెబ్బ తగిలిందేమోనని?” అని ఆమె మూడు రోజులు దెప్పింది.

ఎనిమిది. టిక్. తొమ్మిది. టిక్.

డిపోలో ఆయన్ని అందరూ విప్పుడు మేస్త్రి అనేవాళ్ళు. బస్సుల డిపో. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగం. అక్కడ పక్కపక్కన రెండు షెడ్లు. మొదటి షెడ్డులో పాడైన ఇంజన్లు విప్పుతారు. విప్పిన ముక్కల్ని కిరసనాయిలు తొట్టిలో కడిగి, గోడకు అవతలున్న రెండో షెడ్డుకు పంపుతారు. అక్కడ బిగిస్తారు. ఉద్యోగంలో చేరిన రోజున ఫోర్‌మన్ ఆయన్ని మొదటి షెడ్డులో నిలబెట్టాడు. రిటైరైన రోజున కూడా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.

బిగింపు షెడ్డుకు మార్చమని రెండుసార్లు అడిగాడు. మొదటిసారి ఫోర్‌మన్ భుజం తట్టాడు. “నీలాగా విప్పేవాడు నాకెక్కడ దొరుకుతాడయ్యా? ఒక్క మర చెడదు, ఒక్క బోల్టు విరగదు. నిన్నెట్లా వదులుకోమంటావు?” ఆ మెప్పుకు పొంగిపోయి వెనక్కి వచ్చేశాడు. ఆరేళ్ళ తరువాత ఇంకో ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళాడు. అదే భుజం, అదే తట్టుడు. మూడోసారి అడగలేదు. కొంతమందిని తిట్టి తొక్కేస్తారు. ఆయన్ని పొగిడి కట్టేశారు.

అందుకే ఆయన చేతికి వచ్చిన ఇంజన్లన్నీ చచ్చినవే. అవి మళ్ళీ బతికేది గోడ అవతల. మధ్యాహ్నం భోజనాల వేళ ఆ గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. అవతల కొత్తగా బిగించిన ఇంజన్‌ను మొదటిసారి స్టార్ట్ చేస్తే, ఆ అదురు ఇటుకల్లోంచి వీపులోకి, వీపులోంచి ఛాతీలోకి వచ్చేది. ‘ఇది మంగళవారం విప్పినది’ అని లోపల్లోపల అనుకునేవాడు. పైకి ఎవరితోనూ అనలేదు. పెళ్ళయిన కొత్తలోనే భార్య తేల్చేసింది: “ఈయన అన్నీ విప్పుతాడమ్మా, నోరు తప్ప!”

పదో బోల్టు. ఈసారి ఆయన కళ్ళు మూసుకుని లాగాడు.

టిక్.

“అయింది! ఏమేవ్, హెడ్డు కూర్చుంది!”

“శుభం. మీరూ వచ్చి కూర్చోండి.”

కారు కూతురిది. ఆమె డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. ఎంతమందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిందో, ఎన్నిసార్లు గోడకు గుద్దించుకుందో ఆ కారుకే తెలుసు. చివరికి ఒకరోజు నడిరోడ్డు మీద ఇంజన్ పట్టేసింది. వర్క్‌షాపు వాళ్ళు బానెట్ ఎత్తి, దించి, “తూకానికి అమ్మేయండి మేడమ్” అన్నారు.

“నాకివ్వమ్మా,” అన్నాడు తండ్రి.

“నాన్నా, నీకు విప్పడమే కదా వచ్చు?” అనేసి, వెంటనే నాలుక కరుచుకుంది కూతురు.

“అదే. రెండోది కూడా చూద్దామని.”

కూతురు ఆయన మొహంలోకి చూసింది. జీవితంలో ఏదీ అడగని మనిషి. కొట్టులో చెప్పులు కొనేటప్పుడు సైజు చాలకపోయినా ‘బాగానే ఉన్నాయి’ అనే మనిషి. “సరే. కానీ ఒక్క నెల. స్కూలువాళ్ళు కారు తెస్తావా, మానేస్తావా అంటున్నారు. పాత ఇనుమాయనకు మాటిచ్చేశాను. నెలాఖరున ఐదింటికి లారీ వేసుకుని వస్తాడు. అప్పటికి ఇంజన్ తిరిగిందా, కారుంటుంది. తిరగలేదా, కారూ ఇంజనూ రెండూ లారీ ఎక్కుతాయి. మళ్ళీ నన్ను బతిమాలకూడదు.”

“బతిమాలను.”

ఈవేళ ఆ నెలాఖరు. ఆయనకు అరవై రెండేళ్ళు. ఈ ఒక్కటీ లారీ ఎక్కితే ఇక గోడ ఇవతలే. ఆయనకు ఆ సంగతి బాగా తెలుసు.

తొమ్మిదింటికల్లా ఆయన వాల్వుల సందు సరిచేయడానికి కూర్చున్నాడు. సందు కొలిచే ఫీలర్ గేజి ఆకు లోపల పెట్టి లాగితే వెన్నలో కత్తి దిగినట్టు కాకుండా, జేబులోంచి కాగితం లాగినట్టు కాస్త పట్టుకుంటూ రావాలి. ఎనిమిది వాల్వులు. ఎనిమిదిసార్లు కాగితం లాగినట్టే వచ్చింది. పదకొండింటికి, పెట్రోలూ గాలీ కలిపే కార్బరేటరు. పన్నెండుకి స్టార్టరు మోటారు, బ్యాటరీ. కారు తాళంచెవి తిప్పే సరంజామా అంతా కార్లోనే ఉండిపోయింది కనుక, స్టార్టరుకు మీట కావాలి. ఇల్లంతా వెతికి, పాత కాలింగ్‌బెల్ స్విచ్చి ఒకటి పట్టుకొచ్చి తీగలు కలిపాడు.

“అంటే బెల్లు నొక్కితే ఇంజన్ తలుపు తీస్తుందా?” అంది భార్య.

“లోపలెవరైనా ఉంటే తీస్తారు.”

పెట్రోలుకు లీటరు సీసా. దాన్ని బట్టల తీగకు వేలాడదీసి, గొట్టం కార్బరేటరుకు తగిలించాడు. నీళ్ళకు తోటపైపు. పొగకు కారునుంచి ఊడదీసిన సైలెన్సరు. వరండా చూస్తే ఆస్పత్రిలో సెలైను ఎక్కిస్తున్న వార్డులా తయారైంది.

ఒంటిగంటకు నూనె పరీక్ష. ప్లగ్గులన్నీ తీసేసి, స్టార్టరుతో ఇంజన్‌ను ఊరికే తిప్పాలి. అప్పుడు కింద తొట్టిలోని నూనె దారులన్నీ ఎక్కుతూ హెడ్డు పైదాకా రావాలి. రాకపోతే లోపల ఎక్కడో ఒక దారి మూసుకుపోయినట్టు. అట్లా పొడిగా తిప్పితే కొత్త బేరింగులు కాలి బూడిద. ఆయన పైమూత తీసి పెట్టి భార్యను పిలిచాడు.

“నువ్వు నొక్కు. నేను చూస్తా.”

ఆమె తడిచెయ్యి చీరకు తుడుచుకుని బెల్లు నొక్కింది. ఇంజన్ గిర్రున తిరగసాగింది. పది సెకన్లు. ఏమీ లేదు.

“ఆపు.”

మళ్ళీ. పదిహేను సెకన్లు. వాల్వులను నొక్కే రాకర్లు పొడిగా, దిగులుగా పైకీ కిందికీ ఊగుతున్నాయి. ఆయన నుదుటి మీద చెమట ముక్కు చివరికి జారింది.

“ఇంకోసారి నొక్కు.”

“రాదేమోనండీ…”

“నొక్కవే!”

మొదటి రాకరు కింద ఒక మెరుపు. బుడగ. బుడగ చిట్లి, బంగారు రంగు చుక్క ఒకటి కన్నంలోంచి బయటికొచ్చి కూర్చుంది. దాని వెనకే ఇంకోటి. చూస్తుండగానే ఎనిమిది చోట్లా నూనె ఉబికి, రాకర్ల భుజాల మీదుగా జారి, నిగనిగలాడుతూ కిందికి పారింది.

“ఎక్కింది! ఎక్కిందే!” ఆయన ఎగిరినంత పని చేశాడు. నూనె చేత్తోనే భార్య బుగ్గ పట్టుకున్నాడు.

“ఛీ, ఛీ! ఎవరైనా చూస్తారు!” అంటూ ఆమె బుగ్గ తుడుచుకుంది. తుడుచుకుంటూ నవ్వింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన పట్టపగలు ఆమె బుగ్గ పట్టుకోవడం ఇదే మొదలు.

రెండున్నరకు, సిలిండర్లకు వంతులవారీగా నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు. ఇక్కడ మాత్రం ఆయన కొత్త పిల్లాడిలా పుస్తకం తెరిచి ముందు పెట్టుకున్నాడు. కూతురు ఎక్కడో సంపాదించి జిరాక్సు తీయించి తెచ్చిన పుస్తకం. గేర్ల మీద గుర్తులు, పుల్లీ మీద గీత, రోటరు ముల్లు, మూడూ బొమ్మలో ఎలా ఉంటే అలాగే పెట్టాడు. రెండుసార్లు సరిచూశాడు. ఆ తరువాత వైర్లు. మూత మీద ‘1’ అని ఉబ్బెత్తుగా అచ్చుపోసి ఉంది. అక్కణ్ణుంచి నిప్పు పడే వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఆ క్రమం ఆయనకు నిద్రలో అడిగినా వచ్చు. పుస్తకం మూసేసి, నాలుగు వైర్లూ నాలుగు ప్లగ్గులకు చకచకా తొడిగేశాడు.

మూడున్నరకు వీధిలో లారీ ఆగింది.

“ఐదింటికి కదయ్యా?” భార్య వాకిట్లోకి పరుగెత్తింది.

“తెలుసక్కా. పక్క వీధిలో పని తొందరగా అయిపోయింది. ఓ మూల కూర్చుంటా, నన్ను లెక్కలోకి తీసుకోకండి,” అంటూ పాత ఇనుము వ్యాపారి వెనక వరండాలోకి వచ్చాడు. గుమ్మానికి సరిపడా మనిషి. ఏ వస్తువునైనా చూడగానే దాని బరువు చెప్పేస్తాడని పేరు. ఇంజన్ వంక ఒక్క చూపు చూశాడు. “తొంభై ఐదు కిలోలు. చట్రంతో నూటపది.”

“తిరిగే ఇంజన్‌ను తూకం వేయరు,” అన్నాడు మేస్త్రి తల ఎత్తకుండా.

“తిరిగితే నేనే దండం పెట్టి వెళ్ళిపోతా మేస్త్రిగారూ. నా సర్వీసులో ఇంట్లో బిగించిన ఇంజన్ తిరగడం చూళ్ళేదు. ఆ వేలాడేదేంటి, ఇంజన్‌కి జ్వరమా?”

నాలుగూ పదికి అన్నీ సిద్ధం. ఆయన గాలి తగ్గేలా కార్బరేటరు నోటికి అరచెయ్యి సగం అడ్డం పెట్టి భార్యకు తల ఊపాడు. ఆమె బెల్లు నొక్కింది.

ఇంజన్ తిరిగింది. ఒక చుట్టు, రెండు, మూడు. ‘ఖళ్’మని దగ్గింది. అంతే, కార్బరేటరు నోట్లోంచి జానెడు మంట భగ్గున లేచి ఆయన కనుబొమలు కాల్చింది.

“అయ్యో!” భార్య బెల్లు వదిలేసింది.

“ఏం కాలేదు. నొక్కు.”

మళ్ళీ తిరిగింది. ఈసారి సైలెన్సరులోంచి తుపాకీ పేలినట్టు ఢామ్మంది. గోడ మీది పిల్లి అటు దూకింది. పాత ఇనుము వ్యాపారి లేచి నిలబడి, కుర్చీ ఒక గజం వెనక్కి జరుపుకుని మళ్ళీ కూర్చున్నాడు.

నాలుగూ ఇరవై. ఒక ప్లగ్గు విప్పి, ఇంజన్ మీద ఆనించి చూశాడు. నీలంగా, లావుగా నిప్పురవ్వ. మంట ఉంది. ప్లగ్గు వాసన చూశాడు. పెట్రోలు ఉంది. కన్నం మీద బొటనవేలు పెట్టి తిప్పిస్తే వేలు ఎగిరి పడింది. గాలి బిగువు ఉంది. మూడూ ఉన్నాయి. ప్రాణం మాత్రం లేదు.

నాలుగూ ముప్పై ఐదు. డిస్ట్రిబ్యూటరు వెంట్రుకవాసి అటు తిప్పాడు. ఢామ్. ఇటు తిప్పాడు. ఢాంఢామ్. ఆయన చెప్పకముందే భార్య మళ్ళీ బెల్లు నొక్కింది.

నాలుగూ నలభైకి కూతురు వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. కాలిన కనుబొమలు, నల్లబడ్డ మొహం, చుట్టూ పొగ, మధ్యలో తండ్రి.

“నాన్నా… పోనీలే. ఇక్కడిదాకా తేవడమే…”

“ఇంకా ఇరవై నిమిషాలుంది,” అన్నాడాయన. గొంతు మామూలుగానే ఉంది. “పదమూడో నంబరు స్పానరు ఇట్లా ఇవ్వు.”

“ఎందుకు?”

“విప్పేస్తా.”

వరండాలో ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“ఇప్పుడా? బుద్ధుండే మాట్లాడుతున్నారా?” అంది భార్య.

“బిగించడంలో ఎక్కడ తప్పానో నాకు కనిపించదే. నాకు వచ్చిన పని కాదది. విప్పుతూ పోతే తెలుస్తుంది. తప్పుగా ఉన్నది చేతికి తగుల్తుంది. ముప్పై నాలుగేళ్ళు నాకు తగిలింది అదే.”

జీవితంలో అన్ని మాటలు ఒకేసారి ఆయన ఎన్నడూ మాట్లాడలేదు. భార్య స్పానరు అందించింది.

ఆయన ముక్కాలి పీట లాక్కుని, ఇంజన్ వెనకవైపు, పెద్ద పళ్ళచక్రం ఉన్న వైపు వెళ్ళి కూర్చున్నాడు. డిపోలో ప్రతి ఉదయం కూర్చున్నట్టే. ట్రాలీ మీద ఇంజన్ వచ్చేటప్పుడు ఆ చక్రంవైపే ముందుగా ఆయన ముందుకు వచ్చేది. విప్పడంలో ఆయన మొదటి పని ఏమిటో చేతికే తెలుసు. బుద్ధితో పని లేదు. సుద్దముక్క తీశాడు. తనకు దగ్గరగా ఉన్న సిలిండర్ మీద ‘1’ అని వేశాడు. తరువాతి దాని మీద ‘2’.

“అదేంటి నాన్నా, అటునుంచి ఒకటి వేస్తున్నావు?” అంది కూతురు.

“మరెటునుంచి వెయ్యాలి?”

“అది నేను కూర్చునే వైపు కదా, డ్రైవరు కాళ్ళ వైపు. కారుకి ముందంటే ఇటు కదూ? ఫ్యాను ఉన్న వైపు.” ఆమె స్కూల్లో పిల్లలకు చెప్పినట్టు చేత్తో చూపించింది. “మేము బానెట్ ఎత్తి ఒకటో నంబరు ఇదే అని చెబుతాం.”

సుద్దముక్క ‘3’ దగ్గర ఆగిపోయింది.

ఆయన మెల్లగా లేచి, ఇంజన్ చుట్టూ తిరిగి, ఫ్యానువైపు వచ్చి నిలబడ్డాడు. చూస్తే ఎవరో కొత్త ఇంజన్‌లా ఉంది.

ముప్పై నాలుగేళ్ళు ఆయన ఇంజన్లను వెనకనుంచే పలకరించాడు. వెనకనుంచే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. ఆ లెక్క తప్పని ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెబుతారు? ఆయన వేసిన సుద్ద నంబర్లు పది నిమిషాల్లో కిరసనాయిలు తొట్టిలో కరిగిపోయేవి. గోడ అవతలివాళ్ళు తమ నంబర్లు తాము వేసుకునేవాళ్ళు. ఆయన ఒకటి ఎవరికీ అవసరం పడలేదు. ఈవేళ మొదటిసారి అవసరం పడింది. డిస్ట్రిబ్యూటరు పుస్తకం లెక్కన ముందునుంచి ఒకటి అంటోంది. వైర్లు ఆయన చేతి అలవాటున వెనకనుంచి ఒకటి అంటున్నాయి. నిప్పు పడాల్సినప్పుడు గాలి, గాలి పీల్చాల్సినప్పుడు నిప్పు. మంటలు చిమ్మక ఏం చేస్తుంది పాపం!

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు కదిలాయి, తరువాత పొట్ట, ఆ తరువాత గొంతు.

“ఏమైందండీ? నవ్వుతారేంటి, నాకు భయమేస్తోంది!”

“అడ్రసు తప్పే! ఇన్నాళ్ళూ ఉత్తరాలు పక్కింటికి వేశాను!”

నాలుగూ యాభై మూడు. వైర్లు లాగాడు. ఒకటో దాన్ని నాలుగుకు, నాలుగో దాన్ని ఒకటికి. రెండును మూడుకు, మూడును రెండుకు. తొడిగిన ప్రతిసారీ రబ్బరు టోపీ ‘తుప్’మని కూర్చుంది. అంతా కలిపి నిమిషం పట్టలేదు.

పాత ఇనుము వ్యాపారి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“నొక్కనా?” భార్య వేలు స్విచ్చి మీద ఉంది.

ఆయన కార్బరేటరు మీద చెయ్యి పెట్టాడు. “నొక్కు.”

ఒక చుట్టు తిరిగిందో లేదో, అందుకుంది.

దగ్గలేదు, పేలలేదు. ఒక్కసారిగా గర్జించి, వరండా రేకులను గడగడలాడించి, మరుక్షణం సర్దుకుని, ఒకే ధారగా, ఒకే శ్రుతిలో తిరగసాగింది. ఇనుప చట్రం అదిరింది. నేల అదిరింది. అలమారలో గిన్నెలు గలగలమన్నాయి. భార్య బెల్లు స్విచ్చి వదలడం మరిచిపోతే ఆయనే వెళ్ళి ఆమె వేలు పట్టుకుని ఎత్తాడు. కూతురు “నాన్నా! నాన్నా!” అని అరుస్తూ గెంతింది. ఆయన మాత్రం గెంతలేదు. రెండు అరచేతులూ ఇంజన్ మీద ఆనించి నిలబడ్డాడు. ఆ అదురు ఈసారి గోడలోంచి రాలేదు.

“ఐదు కాలేదింకా!” అన్నాడు, వ్యాపారి వైపు తిరిగి.

వ్యాపారి లేచి, అన్న మాట ప్రకారం ఇంజన్‌కు దండం పెట్టాడు. వాకిట్లోకి వెళ్ళి లారీలో ఏదో దొర్లించిన చప్పుడైంది. తిరిగి వచ్చేటప్పుడు చంకలో ఒక పాత స్కూటరు ఇంజన్ ఉంది. దాన్ని చట్రం పక్కన, మేస్త్రి కాళ్ళ దగ్గర దించాడు.

“పదిహేడు కిలోలు. మా నాన్న బండిది. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఊళ్ళో వాళ్ళ ఇనుమంతా తూచాను గానీ, దీన్ని తూకంలో పెట్టబుద్ధి కాలేదు. లారీలోనే తిప్పుతున్నా. మీకు తీరినప్పుడే చూడండి మేస్త్రిగారూ, తొందరేం లేదు.”

“ఇంకోటా!” భార్య నెత్తి కొట్టుకుంది. “తమ్ముడూ, నీకు పుణ్యముంటుంది, నా పప్పు డబ్బాల పక్కన ఖాళీ లేదయ్యా!”

మేస్త్రి వంగి, స్కూటరు ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి ఒక్కసారి తడిమాడు. ఆ తడమడంలోనే ఒప్పుకోలు తెలిసిపోయింది. ఖాళీ లారీ వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

“ఇక ఆపెయ్ నాన్నా, చెవులు పోతున్నాయి,” అంది కూతురు.

“ఆపకూడదు. కొత్తగా బిగించినదాన్ని మొదటిసారి ఇరవై నిమిషాలు ఒకే వేగంలో తిప్పాలి. పుస్తకంలో ఉంది. మీరు లోపలికి పోండి. నేను కూర్చుంటా.” పీట తెచ్చి ఈసారి ముందువైపు వేసుకున్నాడు. కూర్చుని, చెయ్యి కార్బరేటరు మీట మీద పెట్టాడు.

లోపల తల్లీకూతుళ్ళు కాఫీ పెట్టుకున్నారు. గిన్నెలు ఇంకా సన్నగా మోగుతున్నాయి. కూతురు రేపే ఇంజన్ కార్లో ఎక్కించే ఏర్పాట్ల గురించి గబగబా చెబుతోంది. నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఎటు తీసుకెళ్ళాలో చెబుతోంది. తల్లి వెనక సీటు తనదేనంది. నవ్వుకున్నారు. మూడో కాఫీ గ్లాసు మీద మూత పెట్టారు.

ఇంజన్ మధ్యలో ఒకసారి తడబడింది. రెండోసారి తడబడింది. ఆగిపోయింది.

“ఇరవై నిమిషాలు అయినట్టున్నాయి,” అంది కూతురు, గడియారం చూసి.

అరగంట దాటింది. లీటరు సీసా అడుగంటి, గొట్టం తెల్లగా ఖాళీగా వేలాడుతోంది. ఆయన వెనకనున్న స్తంభానికి తల ఆనించి ఉన్నాడు. కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. చెయ్యి మీట మీదనే ఉంది. భార్య కాఫీ గ్లాసుతో వచ్చి, “ఏమండీ,” అంది. మళ్ళీ అంది. వంగి ఆ చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది. ఆ వేడి ఇంజన్‌దని తెలియడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

మర్నాడు ఆయన్ని సాగనంపడానికి డిపోనుంచి రెండు షెడ్లవాళ్ళూ వచ్చారు. వారం తిరగ్గానే బిగింపు షెడ్డువాళ్ళే నలుగురు వచ్చి, ఆయన బిగించిన ఇంజన్‌ను ఒక్క మర కూడా ముట్టుకోకుండా కార్లోకి ఎక్కించి వెళ్ళారు. కారు స్కూలుకు పోయింది. వరండాలో చట్రం తీసేశారు. సీసా తీసేశారు. కబురు తెలిసి వచ్చిన పాత ఇనుము వ్యాపారి గుమ్మం దగ్గరే కాసేపు నిలబడి, తన వస్తువు వంక చూసి, దాన్ని ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు.

కడిగిన నేల మీద స్కూటరు ఇంజన్ ఒక్కటే ఉంది. లోపలికి దుమ్ము పోకుండా, తెరిచి ఉన్న దాని ప్లగ్గు కన్నంలో ఎవరో శుభ్రమైన తెల్లగుడ్డ ముక్కను మెలితిప్పి, గట్టిగా, ఓపిగ్గా దూర్చి పెట్టారు.